సవరణ: డీన్ జోన్స్ మరణంపై అభిమానుల స్పందన

ఆస్ట్రేలియా మాజీ క్రికెటర్, వ్యాఖ్యాత డీన్ జోన్స్ మరణంపై అభిమానుల స్పందనను గురించిన మునుపటి వ్యాసంలో, 2006లో ఆయన దక్షిణాఫ్రికా ఆటగాడు హషీమ్ ఆమ్లాను ‘ఉగ్రవాది’ అన్న మాటను ‘ప్రత్యక్ష వ్యాఖ్యానంలో చేసిన విమర్శ’గా పేర్కొనడం జరిగింది, దానిని ఈ విధంగా సవరించి చదువుకోవాలని మనవి. కొలంబోలో శ్రీలంక, దక్షిణాఫ్రికా టెస్టు జరుగుతుండగా కుమార సంగక్కర ఇచ్చిన క్యాచ్‌ను ఆమ్లా పట్టినప్పుడు, ప్రకటనల విరామం వచ్చిందనీ మైకు ఆగిపోయిందనీ భావించి జోన్స్ ఆ మాట అన్నారు, కానీ దక్షిణాఫ్రికా ప్రేక్షకులకు అది స్పష్టంగా వినిపించింది. టెన్ స్పోర్ట్స్ ఛానెల్ ఆయనను వ్యాఖ్యాతగా తొలగించింది; ఆయన క్షమాపణ చెప్పారు. ఈ వివరం ఆ మాటలోని తప్పును ఏమాత్రం తగ్గించదు. ఒక ముస్లిం ఆటగాడిని, ఎవరూ వినరనుకున్న క్షణంలో అలా అనడం నా దృష్టిలో మరింత బాధాకరం.

ఐపీఎల్ వ్యాఖ్యానం కోసం ముంబైలో ఉన్న జోన్స్ 2020 సెప్టెంబరు 24న 59 ఏళ్ల వయసులో హఠాత్తుగా మరణించినప్పుడు, 1986లో భారత్‌పై మద్రాసు ఎండలో వాంతులు చేసుకుంటూనే ఆయన సాధించిన 210 పరుగులను, సమంగా ముగిసిన ఆ టెస్టును ఎందరో స్మరించుకున్నారు. వారిని ‘గతాన్ని మరచినవారు’ అన్న వాక్యాన్ని తొలగిస్తున్నాను. అదే రోజున ఆమ్లా ఉదంతాన్ని గుర్తుచేసినవారు మృతుని అవమానించారన్న అర్థం కూడా ఆ వ్యాసానికి లేదు.