బొమ్మ పెట్టి పీక ఊదితే టర్కీ వచ్చేస్తుందా?

ఏప్రిల్ వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఓ ఫార్వర్డు తిరుగుతుంది. "అమెరికావాడి టర్కీ కోళ్ల వేట వట్టి మోసం. ప్లాస్టిక్ బొమ్మ పెట్టి పీక ఊదుతాడు, కోడి పరుగెత్తుకొస్తుంది, కాల్చేస్తాడు. అదీ గుడ్లు పెట్టే కాలంలో, తల్లికోళ్లను! ఇలాగే ఆ జాతిని తుడిచిపెడుతున్నారు. మన తాతలు ఇలాంటి పని చేశారా?" మిస్సోరి రాష్ట్రంలో మూడు వసంతాలు తోటి ఉద్యోగి వెంట ఈ వేటకు వెళ్లి చెట్ల మొదళ్లలో కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నా.

ముందు ఆ పరుగు సంగతి. టర్కీల్లో పుంజు కూస్తే పెట్ట దాని దగ్గరికి వెళ్తుంది. వేటగాడు పెట్ట గొంతుతో పుంజునే రమ్మంటాడు, అంటే పక్షి అలవాటుకే ఎదురు వెళ్తున్నాడన్నమాట. అది వంద గజాల అవతల తోక విప్పి, "నువ్వే రా" అన్నట్టు గంటసేపు అక్కడే తిరుగుతుంది. పక్కన నిజం పెట్ట ఉందా, ఇక మన కూత దానికి పట్టదు. పెట్ట కూత కోసం పలక మీద పుల్ల గీకండి, చెక్కపెట్టె మూత రుద్దండి, నోట్లో డయాఫ్రమ్ (పలచటి పొర ఉన్న చిన్న బూర) పెట్టుకోండి, అతిగా కూస్తే చెడుతుంది. టర్కీ వాసన పసిగట్టలేదు గానీ కన్ను మహా చురుకు. మొదటి ఏడాది ముక్కు మీది దోమను తోలబోయాను, పుంజు మాయం. బొమ్మ ఎందుకంటే, కూత వినబడ్డ చోట పెట్ట కనబడకపోతే అది అక్కడే ఆగిపోతుంది. బొమ్మను చూసి బెదిరిపోయే పుంజులూ ఉన్నాయి. రికార్డు చేసిన కూతలు వినిపిద్దామంటే చాలా రాష్ట్రాల్లో అది నేరం.

"తల్లికోళ్లు" అన్నది అబద్ధం. వసంతంలో కొట్టాల్సింది పుంజునే. మిస్సోరిలో పుంజైనా కావాలి, రొమ్ము మీద వేలాడే కుచ్చైనా కనబడాలి. (కొద్ది పెట్టలకూ ఆ కుచ్చు ఉంటుంది, పాపం.) పుంజు గుడ్లు పొదగదు, పిల్లల్ని సాకదు. కాకపోతే కాలం విషయంలో ఫార్వర్డుకు సగం మార్కులిస్తాను. జత కట్టడం ముగియకముందే పుంజుల్ని కొడితే నష్టమన్న ఆందోళనతోనే జార్జియా రాష్ట్రం 2022లో సీజన్‌ను ఏప్రిల్‌కు జరిపింది, మనిషికి మూడు పక్షులన్న పరిమితిని రెండుకు తగ్గించింది.

జాతిని తుడిచిపెట్టిన మాట నిజమే, అది పాత కథ. అడవులు నరికి, సంతల కోసం అడ్డూ అదుపూ లేకుండా కొట్టి, మసాచుసెట్స్‌లో 19వ శతాబ్దం మధ్యకల్లా ఒక్కటీ మిగల్చలేదు. 1950ల నుంచి మందుగుండుతో వలలు ఎగరేసి అడవి పక్షుల్ని పట్టి, ఖాళీ అయిన చోట్ల వదిలారు. ఖర్చులో పెద్ద వాటా తుపాకులు, తూటాల మీది పన్నుదే; ఆ సొమ్మును వన్యప్రాణుల కోసం కేటాయించింది 1937 చట్టం. మిస్సోరి 1960లో మళ్లీ వేట తెరిచింది. ఇప్పుడు దేశంలో దాదాపు 60 లక్షల టర్కీలున్నాయి.

ఫార్వర్డు రాసినాయనకు తట్టని అసలు తప్పు ఇంకోటుంది. కొందరు విసనకర్రలా విప్పిన టర్కీ తోకను అడ్డం పెట్టుకుని పుంజు మీదికి పాకుతారు. అవతలి వేటగాడికి కనిపించేది ఆ తోకే, పుంజనుకుని మనిషినే కాల్చగలడు. కొన్ని రాష్ట్రాలు ప్రభుత్వ భూముల్లో దీన్ని నిషేధించాయి కూడా.

ఇక మన తాతలు. పంజరంలో పెంపుడు కౌజును పొద పక్కన పెట్టి కూయించి, అడవి కౌజుల్ని ఉచ్చులోకి రప్పించినవాళ్లు మన ఊళ్లలోనే ఉండేవాళ్లు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత అది నేరమైంది గానీ, ఆ ఎర పిట్టకు తెలుగులో పేరు అలాగే ఉంది: దీమం.