సీట్ల లెక్క ఒక్కటే చాలదు
2014లో రాష్ట్ర విభజనతో ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ స్థానాలు 42 నుంచి 25కు పడిపోవడం వల్లే ఢిల్లీలో మన మాట చెల్లడం లేదని ఒక వ్యాసకర్త రాశారు. ఆ వాదనను నేను ఒప్పుకోను. మా విజయవాడనే చూడండి. 1952లో కవి హరీంద్రనాథ్ చటోపాధ్యాయను, 1962 నుంచి వరుసగా మూడుసార్లు ఇంజనీరు కె.ఎల్.రావుగారిని పార్లమెంటుకు పంపిన ఊరు ఇది. గంగా కావేరీ అనుసంధానం గురించి రావుగారు చెబితే దేశమంతా విన్నదంటే, అది నీటి మీద ఆయనకున్న పట్టు వల్లే. ఇప్పుడు మా వీధికి ఓట్ల కోసం వచ్చే ఎంపీ అభ్యర్థులను కృష్ణా జలాల వాటా సంగతి అడిగితే మురుగు కాలువలు బాగుచేయిస్తామంటారు. అది కార్పొరేషన్ పని కదా! జనాభా లెక్కన లోక్‌సభ నియోజకవర్గాల పునర్విభజన చేస్తే దక్షిణాదికి అన్యాయం జరుగుతుందన్న ఆందోళన మాత్రం నాకూ ఉంది. దాని గురించి వ్యాసంలో ఇంకాస్త వివరంగా రాయాల్సింది.