డిబ్బీ అడుగున తలుపెందుకు?

దేశ ఆర్థిక వ్యవస్థ గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. మా ఇంటి ఆర్థిక వ్యవస్థ గురించి మాట్లాడే అర్హత కూడా లేదని మా ఆవిడ అంటుంది. అయినా జాతి భవిష్యత్తుకు సంబంధించిన ఒక విషయం మీద నోరు విప్పక తప్పడం లేదు. పిల్లలు చిల్లర దాచుకునే డిబ్బీలు దారి తప్పాయి.

మా అమ్మాయి పుట్టినరోజుకి 650 రూపాయలు పెట్టి పిల్లి డిబ్బీ కొన్నాను. అట్టపెట్టెలా కనిపించే ప్లాస్టిక్ డబ్బా, పైన చిన్న పళ్లెం. పళ్లెంలో నాణెం పెట్టి నొక్కితే మూత లేస్తుంది, పిల్లి తొంగి చూస్తుంది, మ్యావుమంటుంది, పంజా చాపి నాణేన్ని లోపలికి లాక్కుంటుంది. ఈ రకం జపాన్ నుంచి వచ్చింది. పాలకు పిల్లిని కాపలా పెట్టొద్దన్న మాట వాళ్లదాకా వెళ్లినట్టు లేదు.

ఈ పిల్లి పాలు తాగదు, పెన్సిల్ సెల్లులు తింటుంది. మొదటి వారంలోనే రెండు సెల్లులూ అయిపోయాయి. అబ్బో, పిల్ల ఎంత పొదుపు చేసిందో అని మురిసిపోయి చూస్తే లోపల ఉన్నది ఒక్క రూపాయి. పంజా చూడటం సరదా కదా, అడుగు తలుపు తీసి అదే బిళ్లను మళ్లీ మళ్లీ వేసిందట. లావాదేవీలు వందల్లో, నిల్వ ఒక రూపాయి. నిర్వహణ ఖర్చు మాత్రం నాది. ఇలా నడిచే సంస్థలు ఇంకా ఉన్నాయి కానీ వాటికి ఇంత అందమైన పిల్లి లేదు.

అసలు రోగం పిల్లిది కాదు, ఆ అడుగు తలుపుది. మా చిన్నప్పుడు కోనసీమలో కనుమనాడు ప్రభల తీర్థానికి వెళ్తే మట్టి డిబ్బీ కొనిపెట్టేవారు. గుమ్మడికాయంత బొజ్జ, పైన ఒక చీలిక. అంతే. తలుపు లేదు, తాళం లేదు. డబ్బు కావాలంటే పగలగొట్టాలి. పగలగొడితే ఇల్లంతా వినిపిస్తుంది. ఇంతకు మించిన ఆడిట్ వ్యవస్థను ఏ ప్రభుత్వమూ కనిపెట్టలేదు.

దాన్లోంచి తీయడం కుదరదని అనను. మా అక్క డిబ్బీని తలకిందులు చేసి, చీలికలోకి చాకు దూర్చి, ఊపిరి బిగబట్టి అటూఇటూ ఊపితే, ముందు గలగల, తర్వాత గరగర, చివరికి ఒక బిళ్ల చాకు మీద వెల్లకిలా పడుకుని మెల్లగా జారుతుంది. అరగంట కష్టానికి రూపాయి పావలా. ఆ రోజుల్లో దొంగతనానికి కూడా చెమట పట్టేది. (ఆ పావలా 2011 జూన్ 30 నుంచి చెల్లడం మానేసింది. కాబట్టి ఆ కేసు కూడా చెల్లదని నా వాదన.)

ఇండోనేషియాలో మజాపహిత్ రాజ్యం కాలం నాటి మట్టి పంది డిబ్బీలు దొరికాయి. పద్నాలుగు, పదిహేను శతాబ్దాల నాటివి. వాటికీ అడుగున తలుపు లేదు, పగలగొట్టాల్సిందే. అందుకే చెక్కుచెదరనివి దొరకడం అరుదు. ఆరు వందల ఏళ్ల తర్వాత కూడా పెంకులు చూసి ఖాతా ముగిసిందని చెప్పొచ్చు. మా పిల్లి డబ్బాను రేపెవరైనా తవ్వి తీస్తే, లోపల డబ్బు ఏమైందని ఎవర్ని అడుగుతారు?

తలుపున్న డిబ్బీల్లో నేను గౌరవించేది ఒక్కటే. 1870లలో అమెరికాలోని కనెక్టికట్‌లో పోత ఇనుముతో చేసిన టామనీ బ్యాంకు. కుర్చీలో బొద్దుగా ఒక రాజకీయ నాయకుడు కూర్చుని ఉంటాడు. చేతిలో నాణెం పెడితే, చెయ్యి దాన్ని నేరుగా జేబులో పడేస్తుంది. పడేశాక తల ఊపుతాడు. న్యూయార్క్‌ను మింగేసిన టామనీ హాల్ ముఠా మీద ఎగతాళి అది. మన దగ్గర అమ్మితే ఆటబొమ్మని ఎవరూ నమ్మరు. 'ఏ ఆఫీసులో చేస్తాడు?' అంటారు. తల ఊపడం మాత్రం మనవాళ్లకు కొత్త. మనకు 'రేపు రండి' అనే మోడల్ కావాలి.

ఏటీఎం డిబ్బీ గురించి ఒక ముక్క. నోటు అంచు చూపిస్తే గుర్రుమని లాక్కుంటుంది. నాలుగంకెల పాస్‌వర్డ్ కొడితే తెరుచుకుంటుంది. పక్కింటి పిల్లాడు పాస్‌వర్డ్ మర్చిపోయాడు, సెల్లులూ అయిపోయాయి. అసలు ఏటీఎంకి ఇంత దగ్గరి పోలిక నేనెక్కడా చూడలేదు.

పొదుపు తగ్గలేదని మా ఆవిడ వాదన. డబ్బాలో పది రూపాయల బిళ్లలు పెరుగుతున్నాయి కదా అంటుంది. పది బిళ్ల 14 డిజైన్లలో ఉందని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. ఆ సంగతి మా సందు చివరి కిరాణా కొట్టుకి ఇంకా చేరలేదు. అక్కడ చెల్లనివన్నీ పిల్ల డబ్బాలో పడుతున్నాయి. దాన్ని పొదుపంటారా, జైలంటారా?

ఇక సరికొత్త డిబ్బీ. మొన్న మా బావమరిది చెప్పులేసుకుంటూ, 'బావా, నీ స్కానర్ చూపించు, మేనకోడలికి ఐదొందలు కొడతా' అన్నాడు. నా ఫోన్ టింగుమంది. పిల్ల చేతిలో నోటు పడలేదు, డబ్బాలో చప్పుడు కాలేదు. సాయంత్రానికి ఆ ఐదొందలు పెట్రోలు బంకులో తేలాయి. చీలిక లేదు, పెంకులు లేవు, చాకు అసలే అక్కర్లేదు. చుట్టూ తలుపే.

నిన్న సెల్లులు మార్చుదామని పిల్లి డబ్బా తిరగేశాను. సెల్లుల కోసమే, నమ్మండి. అడుగున ఒక కాగితం అంటించి ఉంది, పెన్సిల్ రాత.

'నాన్న: మామయ్య ఇచ్చిన 500. నాన్న: పది బిళ్లలు 4. నాన్న: ఇంకో పది బిళ్ల, అడిగితే పిల్లి తిందన్నాడు.'

ఆ కాగితం మీదుగా తలుపు చుట్టూ సెలోటేపు నాలుగు వరుసలు. కొస ఎక్కడుందో గోటితో గీకి గీకి చూశాను, దొరకలేదు. వంటింట్లోకి వెళ్లి చాకు తెచ్చుకున్నాను.