తొందరెందుకు, డీఎన్ఏ ఎక్కడికి పోతుంది?

ఫోరెన్సిక్ ల్యాబుల్లో డీఎన్ఏ శాంపిళ్లు పేరుకుపోతున్నాయని ఒకటే గోల. నాకైతే ఇందులో తప్పేమీ కనబడటం లేదు. వేల ఏళ్ల నాటి మామత్ ఎముకల్లోంచే డీఎన్ఏ తీస్తుంటే, మన జిల్లా కేసు నాలుగేళ్లు ఆగలేదా?

కాకపోతే మామత్ మంచులో ఉంది, మనది ప్లాస్టిక్ కవర్లో ఉంది. తడి బట్టను ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలని రూలు. అంత ఓపిక లేని స్టేషన్‌లో పాలిథిన్ సంచిలో చుట్టి మాల్‌ఖానాలో (కేసుల సామాను దాచే గదిలో) బీరువా మీద పడేస్తారు. మే నెల ఉక్కకి లోపల బూజు పడుతుంది. అలా ఆ డీఎన్ఏని అందరికన్నా ముందు పరిశీలించేది బాక్టీరియా. వాటి దగ్గర పెండింగ్ ఉండదు.

ఆ తర్వాత కానిస్టేబుల్ పార్శిల్‌ని ఒళ్లో పెట్టుకుని ఎర్ర బస్సెక్కి ల్యాబుకొస్తాడు. కౌంటర్లో ఆయన కళ్లద్దాలు సర్దుకుని లక్క ముద్ర చూస్తాడు, ఉత్తరం మీది నమూనా సీలు చూస్తాడు. ఒక అక్షరం అరిగి ఉంది. పార్శిల్ వెనక్కి! తిరిగెళ్లిన పార్శిల్ పెండింగ్ లెక్కలోకి రాదు కనక, ల్యాబు సామర్థ్యం పెంచడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు. ఈ విద్యలో అమెరికా మనకన్నా ముందుంది. 2009లో డెట్రాయిట్ పోలీసు గోదాములో 11 వేలకు పైగా అత్యాచార కేసుల కిట్లు (బాధితుల నుంచి సేకరించిన శాంపిళ్ల పెట్టెలు) బయటపడ్డాయి. పరీక్షకు పంపనే లేదు కాబట్టి ల్యాబు లెక్కల్లో అవి బకాయిలే కావు. అగ్రరాజ్యం ఊరికే అయిందా!

మనకు తెలివికి లోటు లేదు. దేశీ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతిని శాస్త్రవేత్త లాల్జీ సింగ్ 1980ల చివర్లో రూపొందించింది హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనే. పీసీఆర్ యంత్రాలూ ఉన్నాయి, చిటికెడు డీఎన్ఏని రెండు మూడు గంటల్లో కోట్ల కాపీలు చేసేస్తాయి. అయితే వాటికి పరీక్ష రసాయనాల కిట్ కావాలి. కిట్‌కి ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, టెండర్ ఫైలుకి ఉండదు. కిట్ వచ్చిన రోజున సైంటిఫిక్ ఆఫీసర్ ఎక్కడో జిల్లా కోర్టు వరండాలో సాక్ష్యం చెప్పడానికి కూర్చుని ఉంటాడు. నిపుణుణ్ణి పిలవకుండానే రిపోర్టును సాక్ష్యంగా తీసుకునే వీలు చట్టంలో ఉంది గానీ, మనిషిని చూస్తే తప్ప డిఫెన్స్ లాయరుకి తృప్తి ఉండదు. సాయంత్రానికి వాయిదా పడుతుంది.

చట్టాల్లో మాత్రం దూకుడే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్ ప్రకారం, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లాల్సిందే (రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చార్లెండి). అంటే పార్శిళ్లు పెరుగుతాయి. చేతులు పెరుగుతాయా అని అడగకండి, అది నియామకాల బోర్డు పరిధి. డీఎన్ఏ పరీక్షల వాడకాన్ని నియంత్రించాల్సిన డీఎన్ఏ బిల్లునే చూడండి: 2019 జనవరిలో లోక్‌సభలో నెగ్గింది, సభ గడువుతో మురిగిపోయింది, మళ్లీ పెట్టారు, స్థాయీ సంఘానికి పంపారు, 2023లో వెనక్కి తీసుకున్నారు. బిల్లుకే దిక్కులేనప్పుడు శాంపిల్‌కి నెలలో రిపోర్టు ఇమ్మంటే ఎలా?

అయినా నిజంగా తొందరున్నవాళ్లకి దారి ఉంది. కేసు రోజంతా టీవీలో తిరగాలి. అప్పుడు ల్యాబులో రాత్రంతా లైట్లు వెలుగుతాయి, కిట్లు ఎక్కణ్ణుంచో ఊడిపడతాయి, రిపోర్టు రోజుల్లో చేతికొస్తుంది. దానికోసం పక్కకు జరిపిన పార్శిళ్లలో, వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగించాలని చట్టం చెప్పే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) కేసులవీ ఉంటాయి. ఆ పిల్లల తల్లిదండ్రులకు నా సలహా ఒక్కటే: పోలీస్ స్టేషన్ నంబరుతో పాటు ఏదైనా న్యూస్ ఛానెల్ నంబరు కూడా దగ్గర పెట్టుకోండి.