వాడిన టమోటాకు ఏం కొట్టాలని అడిగే ముందు

ఎండలు ముదిరాయంటే తిరుపతి మిద్దె తోటల గ్రూపుల్లో ఒకటే గోడు. "నిన్నటిదాకా బాగుండిన టమోటా చెట్టు పొద్దున్నే తల వాల్చేసింది, ఏం కొట్టాలి?" కింద జవాబులు వరసగా వచ్చిపడతాయి. పుల్లమజ్జిగ పొయ్యండి, ఎప్సమ్ సాల్ట్ వెయ్యండి, బూడిద చల్లండి, ఫలానా మందు లీటరుకు ఇన్ని గ్రాములు. కుండీలో మట్టి తడిగా ఉందా, పొడిగా ఉందా అని అడిగేవాళ్ళు ఒక్కరూ ఉండరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఆకుకు నీళ్ళు అందకపోతే చెట్టు వాడుతుంది. ఎందుకు అందడం లేదో చూడకుండా ఏది పోసినా దండగే.

మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సిమెంటు మిద్దె మీద నల్ల గ్రో బ్యాగు పెడితే లోపల వేళ్ళు ఉడికిపోతాయి. మధ్యాహ్నం వాడి, సాయంత్రానికి తేరుకునే చెట్టుకు చాలాసార్లు జబ్బేమీ ఉండదు. పైన షేడ్ నెట్ కట్టండి, మట్టి మీద ఎండుటాకులు మందంగా పరవండి, కుండీని ఇటుకల మీదికి ఎత్తండి. చాలామంది చేసేదేమంటే, వాడిందని మధ్యాహ్నం ఇంకో బిందె పోస్తారు. మట్టి బురదవుతుంది, వేళ్ళకు గాలి ఆడదు, కుళ్ళడం మొదలవుతుంది. కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు కాబట్టి చెట్టు ఇంకా వాడుతుంది. అది చూసి మళ్ళీ పోస్తారు! వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించి చూడండి. తడి తగిలితే ఆ పూట నీళ్ళు వద్దు. కుండీ అడుగున రంధ్రాలు పూడిపోయాయేమో అదీ చూడండి.

మట్టిలో తడి సరిగ్గా ఉన్నా వరసగా రెండు మూడు రోజులు వాడుతుంటే, లేదా తెల్లవారేసరికి కూడా తేరుకోకపోతే అనుమానించాల్సిందే. కింది ఆకులు ముందు పసుపెక్కి, అదీ కొమ్మకు ఒక పక్కనే మొదలై, మెల్లగా పైకి పాకితే అది ఎక్కువగా ఫ్యుజేరియం అనే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులు. మొదలు దగ్గర తెల్లటి బూజు, అందులో ఆవగింజల్లాంటి గుండ్లు కనిపిస్తే మొదలుకుళ్ళు. లేత ఆకులు కంచు రంగుకు తిరిగి, చిగురు మాడిపోతే తామర పురుగులు తెచ్చిన వైరస్. పీకి చూస్తే వేళ్ళ నిండా బుడిపెలుంటే మట్టిలో ఉండి వేళ్ళను పట్టే నులిపురుగులు. ఇక ఆకు పచ్చగా ఉండగానే చెట్టంతా ఉన్నపళంగా వాలిపోయిందా, అది బాక్టీరియా ఎండు తెగులు కావచ్చు. నాకు అన్నిటికంటే భయం దీంతోనే.

దీన్ని తేల్చుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. మొదలుకు దగ్గరగా కాండం ముక్క ఒకటి కోయండి. గాజు గ్లాసులో తేటనీళ్ళు పోసి, కోసిన కొస నీళ్ళలో మునిగేట్టు పట్టుకోండి. కదపొద్దు. బాక్టీరియా ఉంటే కొద్ది నిమిషాల్లోనే కోసిన చోటి నుంచి పాలదారాల్లాంటి సన్నటి తెల్లటి పోగులు కిందికి జారతాయి. గ్లాసు వెనక నల్లగుడ్డ పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. లోపల గోధుమరంగు చార ఉండి పోగులు రాకపోతే ఫ్యుజేరియం వైపు ఆలోచించండి.

పోగులు కనిపించాయా, ఇక ఆ చెట్టు మీద ఆశ వదిలేయండి. రాల్‌స్టోనియా సొలనాసియారమ్ అనే ఈ బాక్టీరియా పట్టిన చెట్టును బతికించే మందు లేదు. ఆకు చూడకుండా, వేరు చూడకుండా "ఇది పొయ్యండి సార్, లేస్తుంది" అని డబ్బా చేతిలో పెట్టే కొట్టువాళ్ళను చూస్తే నాకు నిజంగా కోపమొస్తుంది. పెన్షన్ డబ్బులతో నాలుగు కుండీలు పెంచుకునే పెద్దాయనకు వరసగా డబ్బాలు అంటగట్టడం అన్యాయం. రాగి మందు కాపర్ ఆక్సీక్లోరైడ్ అయినా, మేలుచేసే శిలీంధ్రం ట్రైకోడెర్మా అయినా, మేలుచేసే బాక్టీరియా సూడోమోనాస్ అయినా దేని పని దానికుంది. ట్రైకోడెర్మాను నాటే ముందే వేపపిండితో మట్టిలో కలిపితే వేరుకు కాపు కాస్తుంది. వాలిపోయాక పోస్తే లేవదు.

చెట్టును వేళ్ళతో, మట్టితో సహా తీసి సంచిలో కట్టి పారేయండి. కంపోస్టు డబ్బాలో వేశారంటే తెగులును మీరే పెంచి పోషించినట్టు. ఆ కుండీ నుంచి కారే నీళ్ళు పక్క కుండీలోకి పోకుండా చూడండి. పిలకలు కత్తిరించిన కత్తెరను స్పిరిట్‌తో తుడవకుండా ఇంకో చెట్టు మీద పెట్టొద్దు. "మట్టి మంచిదే కదా, పారేయడమెందుకు" అని పక్కింటివాళ్ళకు ఇచ్చే అక్కలున్నారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. ఈ బాక్టీరియా మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతుంది.

నేలలో పెంచేవాళ్ళు మట్టిని పారేయలేరు. మే నెల ఎండలో మట్టిని తడిపి, అవతలిది కనిపించేంత తేటగా ఉండే పల్చటి పాలిథిన్ పరిచి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. తెగులు పూర్తిగా పోతుందని చెప్పను, బలం తగ్గుతుంది. అదే చోట మిరప, వంగ, బంగాళాదుంప పెట్టొద్దు, అవన్నీ టమోటా కుటుంబమే. మొక్కజొన్న, గోరుచిక్కుడు పెట్టుకోండి. మళ్ళీ టమోటా నాటేటప్పుడు బెంగళూరు ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పంటల పరిశోధన సంస్థ) వాళ్ళ అర్క రక్షక్, అర్క సామ్రాట్ లాంటి, ఈ తెగులును తట్టుకునే రకాలు అడగండి. ఈ తెగులును తట్టుకునే వంగ రకం మొదలు మీద అంటుకట్టిన టమోటా నారు దొరికితే ఇంకా మంచిది. అంటు అతుకు మాత్రం మట్టికి పైనే ఉండాలి, పూడ్చేస్తే టమోటా కాండానికే వేళ్ళొచ్చి, తెగులు మళ్ళీ వాటిగుండానే ఎక్కుతుంది.