ఆర్ సారుకు నల్లగొండ నుంచి అర్జీ

కంప్యూటర్‌లో గణాంకాల లెక్కలు చేసిపెట్టే ఆర్ (R) భాష అనబడే గౌరవనీయులైన ఆర్ సారు గారికి,

నల్లగొండ క్లాక్ టవర్‌కు కాస్త ఇవతల, జిరాక్స్ షాపు మీది గదిలో కూర్చుని డిగ్రీ, పీజీ పిల్లల ప్రాజెక్టులకు లెక్కలు చూసిపెట్టే నేను దండంబెట్టి రాసుకునేది ఏమనగా...

విషయం: ఫ్లోరైడ్ లేని ఊరికి అందరికంటే ఎక్కువ ఫ్లోరైడ్ మంజూరు చేసిన సంగతి.

ఈ అర్జీ సోమవారం ప్రజావాణిలోనే ఇద్దామనుకున్నాను. కానీ అర్జీ మీద శాఖ పేరు రాయాలి కదా, తమరిది ఏ శాఖ అని రాయను? తమరు పుట్టింది న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ యూనివర్సిటీలో. రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు పంతుళ్లు 1990ల మొదట్లో తమరిని కన్నారు. పెద్దల వరస చూస్తే అమెరికాలోని బెల్ ల్యాబ్స్. అక్కడ జాన్ చాంబర్స్ వాళ్లు 1976లో మొదలుపెట్టిన ఎస్ భాషకు తమరు వారసులు. 1.0.0 వెర్షన్‌గా లోకం ముందుకు వచ్చింది 2000 ఫిబ్రవరి 29న. నాలుగేళ్లకోసారి పుట్టినరోజు చేసుకునేవాళ్ల తీరు మామూలుగా ఎట్లా ఉంటుంది లెండి. పైగా తమరు పైసా తీసుకోరు. పుక్కట్ల పనిచేసే మనిషిని గట్టిగా అడగాలంటే ఎవరికైనా నోరు రాదు. అదీ తమరికి కలిసొచ్చింది.

ఇక అర్జీ భాష పక్కన పెట్టి మామూలుగా మాట్లాడతాను సారూ.

ఫ్లోరైడ్ అంటే మా జిల్లాకు కెమిస్ట్రీ పాఠం కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఎన్నో ఇళ్లలో వంగిన కాళ్లు, బిగుసుకుపోయిన నడుములు చూసినవాళ్లం. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. ఆఫ్రికా దేశాల దాకా పోయింది మా ఊరి పేరు, ఏ ఘనతకు పోయిందో చూడండి. అందుకని ఇక్కడి పిల్లలకు ప్రాజెక్టు అంటే సగం మందికి ముందు గుర్తొచ్చేది బోరు నీళ్లలో ఫ్లోరైడే. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 దాకా తాగొచ్చు అని మన దేశపు ప్రమాణం. ఆ 1.5కు అటా ఇటా అన్నదే మాకు కావాల్సింది. లెక్క అంత చిన్నది.

ఒక అమ్మాయి ఎక్సెల్ షీటు తెచ్చింది. చూపించడానికి నాలుగు ఊళ్లు చాలు. మొదటి ఊరు 0.8. రెండోది 1.2. మూడోది 3.4. నాలుగో ఊరి గడిలో అంకె లేదు, బీడీఎల్ అని ఉంది. ల్యాబువాళ్ల మాటలో దానర్థం, మా మిషనుకు అందనంత తక్కువ ఉంది అని. అంటే నాలుగింటిలో బంగారం లాంటి నీళ్లు ఆ ఊరివే. వాళ్ల సీనియర్ దగ్గర్నుంచి, ఆ సీనియర్‌కు వాళ్ల సీనియర్ దగ్గర్నుంచి వచ్చిన పాత స్క్రిప్టులో, అంటే మీకు వరసగా ఇచ్చే ఆదేశాల ఫైలులో, ఆ కాలమ్‌ను మీరు ఫ్యాక్టర్ చేశారు, అంటే విలువలను అంకెలుగా కాక రకాల పేర్లుగా రాసుకున్నారు. సరే. ఆ తర్వాతి లైనులో యాజ్ డాట్ న్యూమరిక్ అని, దీన్ని అంకెలుగా మార్చండి సారూ అని అడిగింది. మార్చారు. 1, 2, 3, 4.

మొదటి ఊరికి 1, రెండో ఊరికి 2, మూడో ఊరికి 3, బీడీఎల్ ఊరికి 4.

ఇవి ఫ్లోరైడ్ అంకెలు కావు, మీ హాజరు పట్టీలో వరస నంబర్లు. మీరు ఆ విలువలను మాటలుగా చూసి, అకారాది క్రమంలో నిలబెట్టి, ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చుకున్నారు. అంకెలు ముందు, అక్షరాలు వెనక కాబట్టి బీడీఎల్ చివర నిలబడింది, దానికి 4 దక్కింది. ఇప్పుడు 1.5 గీత గీస్తే ఏమవుతుంది? 1.2తో నిశ్చింతగా ఉన్న రెండో ఊరు 2 అయి గీత దాటింది. అందరికంటే శుభ్రమైన ఊరు అందరికంటే విషమైంది. 3.4 ఉన్న ఊరికి మాత్రం కాస్త డిస్కౌంట్ ఇచ్చారు. ఇంత జరిగితే స్క్రీన్ మీద ఎర్రక్షరం ఒక్కటి లేదు. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టేయమన్నట్టు, మీరు పని చేసి చేతులు దులుపుకున్నారు.

అదే ఆ కాలమ్ మామూలు అక్షరాలుగా ఉండి ఉంటే మీరే ఎంత పద్ధతిగా చేసేవారు! మూడు ఊళ్లకు సరైన అంకె ఇచ్చి, బీడీఎల్ దగ్గర ఎన్ఏ, అంటే విలువ తెలియదు అని పెట్టి, మార్చేటప్పుడు ఎన్ఏలు వచ్చాయి చూసుకోండి అని వార్నింగ్ ఇచ్చేవారు. అంటే మీకు చెప్పడం రాక కాదు. ఫ్యాక్టర్ అనే సరికి ఎందుకో నోరు పెగలదు. మీ హెల్ప్ పేజీలో ఫ్యాక్టర్ గురించి రాసిన చోట, దాని మీద యాజ్ డాట్ న్యూమరిక్ వాడడం అర్థం లేని పని అని మీరే ఒప్పుకున్నారు. ముందు అక్షరాలుగా మార్చి, ఆ తర్వాత అంకెలుగా మార్చుకోమని దారి కూడా చూపించారు. మరి అర్థం లేని పని అని తెలిసి అంత వినయంగా ఎందుకు చేసిపెడుతున్నారు సారూ? ఆ హెల్ప్ పేజీ తెరిచి చదివేవాడికి ఈ తిప్పలు ఎట్లాగూ రావు. చదవనివాడి కోసమే కదా వార్నింగ్.

ఫ్యాక్టర్‌ను నేను తిట్టడం లేదు. తరగతులను, రకాలను మోడల్‌లోకి ఎక్కించాలంటే అది కావాల్సిందే. అడగకుండానే ఫైలులోని ప్రతి అక్షరాల కాలమ్‌నూ ఫ్యాక్టర్ చేయడమే మీ పాత అలవాటు. ఇరవై ఏళ్ల పాటు అట్లాగే చేసి, అందరం లాక్‌డౌన్‌లో ఇళ్లలో పడి ఉన్న 2020 ఏప్రిల్‌లో, 4.0.0 వెర్షన్‌తో మానుకున్నారు. సంతోషం. కానీ పాత స్క్రిప్టులు మానలేదు. పాత ఫైళ్లలో దాచిపెట్టిన ఫ్యాక్టర్లు ఫ్యాక్టర్లుగానే మేలుకుంటాయి. మా దగ్గర స్క్రిప్టులు పాఠ్యపుస్తకాల్లా అన్న నుంచి తమ్ముడికి దిగుతాయి, ఎవరూ అట్ట తీసి చూడరు.

ఫ్యాక్టర్ వద్దు, అక్షరాలుగానే ఉంచుకుందాం అన్నా మీతో వేగడం కష్టమే. ఆ కాలమ్‌లో 1.5 కంటే ఎక్కువ ఉన్న ఊళ్లు చూపించండి అంటే, మీరు బీడీఎల్‌ను అంకె చేయలేరు కాబట్టి మా 1.5నే అక్షరాలు చేసేస్తారు. ఆ తర్వాత అక్షరాలకూ అక్షరాలకూ పోటీ. బీడీఎల్ గెలుస్తుంది. మళ్లీ ఆ పాపం ఊరే ప్రమాదకర జాబితాలో! 9.1, 10.2 రెండూ అక్షరాలుగా ఉన్నప్పుడు పెద్దది ఏది అంటే 9.1 అంటారు. సగటు అడిగితే మాత్రం ఇవి అంకెలు కావు అని వార్నింగ్ ఇచ్చి ఎన్ఏ చేతిలో పెడతారు. సగటుకు ఉన్న నీతి, పెద్దది తేల్చేటప్పుడు ఏమైపోతుందో.

మంచి కూడా చెప్పాలి. ఎన్ఏ విషయంలో మీ అంత నిజాయితీపరుడు లేడు. ఎన్ఏ, ఎన్ఏ సమానమా అని అడిగితే ఔననరు, కాదనరు, ఎన్ఏ అంటారు. తెలియని రెండు విషయాలు ఒకటో కాదో ఎట్లా చెప్పను అన్నట్టు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా మొత్తం సగటును ఆపేసి, ఖాళీలు వదిలేయమంటారా అని మాతో నోటితో చెప్పించుకుంటారు. పిల్లలు దీన్నే ఎక్కువ తిట్టుకుంటారు. నేను మాత్రం మీ తరఫునే మాట్లాడతాను.

జిల్లాల సంగతికి వద్దాం, అక్కడ మీరు ప్రభుత్వంతోనే పేచీ పెట్టుకున్నారు. 2016 అక్టోబర్ 11న మా ఉమ్మడి జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అని మూడైంది. ఒక పిల్లవాడు జిల్లా కాలమ్‌ను ఫ్యాక్టర్ చేసి, అందులోంచి నల్లగొండ వరసలు మాత్రమే తీసుకుని, ఏ జిల్లావి ఎన్ని ఉన్నాయో టేబుల్ వేయమన్నాడు. నల్లగొండ ఇన్ని అని చెప్పి ఊరుకోక, సూర్యాపేట 0, యాదాద్రి భువనగిరి 0 అని కూడా వేశారు. వరసలు పోయినా, ఫ్యాక్టర్ దగ్గర లెవెల్స్ అనే జాబితాలో ఆ పేర్లు ఉంటాయట. డ్రాప్ లెవెల్స్ అని ప్రత్యేకంగా చెబితే గానీ కొట్టేయరట. సరే, పాత చుట్టరికం అంత తేలిగ్గా పోదనుకున్నాం. మరి పాలమూరు వైపు చూడండి. మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట 2019 ఫిబ్రవరిలో వేరే జిల్లా అయింది. అంతకు ముందటి డేటాలో, ఆ మండలాల ఎదురుగా నారాయణపేట అని దిద్దబోతే, అట్లాంటి లెవెల్ లేదు అని చెప్పి ఆ గడుల్లో ఎన్ఏ పెట్టారు. పోయిన జిల్లాను వదలరు, కొత్త జిల్లాను రానివ్వరు. మధ్యలో ఆ మండలాలకు ఇప్పుడు ఏ జిల్లా లేకుండా పోయింది. వార్నింగ్ ఇచ్చారు లెండి, కాదనను. అప్పటికే పాత పేరు చెరిగిపోయింది.

ఇంత పట్టింపు ఉన్న మనిషి క్లాస్ దగ్గర, అంటే ఒకటి ఏ రకమో చెప్పే పేరు దగ్గర, ఎంత ఉదారంగా ఉంటారంటే నాకు నవ్వాగదు. 5 అనే అంకెను తీసుకుని దాని క్లాస్ 'కలెక్టర్' అని రాస్తే, ఏ పరీక్షా, ఏ సర్టిఫికెట్టూ లేకుండా ఒప్పుకుంటారు. ఇది కలెక్టరేనా అని తిరిగి అడిగితే ట్రూ అంటారు. దానికి 1 కలిపితే 6 వస్తుంది, ఆ 6 కూడా కలెక్టరే. క్లాసులకు మీరు వాడే ఎస్3 అనే పద్ధతి అంటే అంతేనట, పేరు పెట్టినవాడి మాటే చెల్లుబాటు. యూపీఎస్సీకి చదివే మా పక్క గది కుర్రాడికి ఇది చూపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తేదీల మీద కూడా మీకు పెద్ద మమకారం లేదు. తెలంగాణ వచ్చిన రోజు, 2014 జూన్ 2, మీ లోపల 16223. 1970 జనవరి 1 నుంచి లెక్కేసిన రోజులు. లోపల ఎట్లా దాచుకుంటే మాకేం, పైకి తేదీగా చూపిస్తే చాలు. కానీ ఆ తేదీలను షరతును బట్టి విలువ ఎంచే ఇఫ్‌ఎల్స్ గుండా పంపినా, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే ఫర్ లూప్‌లో ఒక్కొక్కటిగా తీసినా, తేదీ అనే చొక్కా గుమ్మం దగ్గరే విప్పించి పంపిస్తారు. బయటికి వచ్చేది 16223. ఆ అంకె చూసి, ఇది ఏ పథకం లబ్ధిదారుల సంఖ్య సార్ అని ఒకడు అడిగాడు.

పిన్ కోడ్ ముచ్చట రెండు మాటల్లో. నల్లగొండ 508001, మహబూబ్‌నగర్ 509001. సగటు 508501 అని ఠక్కున చెప్పారు. ఒక ఉత్తరం వేసి చూడాలి.

మీరు నోరు తెరిచే సందర్భం ఒకటుంది, అదీ చెప్పుకోవాలి. డేటా లోడ్ చేయడం మరిచిపోయి, డేటా డాలర్ ఫ్లోరైడ్ అని టైప్ చేస్తే 'ఆబ్జెక్ట్ ఆఫ్ టైప్ క్లోజర్ ఈజ్ నాట్ సబ్‌సెట్టబుల్' అంటారు. ఎర్రెర్రగా. పిల్లలు హడలిపోతారు. సంగతేమిటంటే, క్లోజర్ అంటే ఫంక్షనే, డేటా అని మీ దగ్గర ముందే ఒక ఫంక్షన్ ఉంది. టేబుల్ కనపడక మీరు ఆ ఫంక్షన్‌ను పట్టుకున్నారు, ఫంక్షన్‌లోంచి కాలమ్ తీయమంటే రాదు. డీఎఫ్ అని పేరు పెట్టుకున్నా ఇదే తంతు, అది ఎఫ్ డిస్ట్రిబ్యూషన్‌కు సంబంధించిన ఫంక్షన్. ఫైలు మళ్లీ చదివిస్తే అర నిమిషంలో తీరిపోయే తిప్పలివి, ఎవరి ఫలితమూ మారదు. దీనికి అంత గొడవ చేస్తారు. ఊరి నీళ్లు తారుమారైనప్పుడు గప్‌చుప్.

నా గది తలుపు మీద ఒక కాగితం అంటించాను. ఫైలు తెరవగానే మొదటి లైను ఎస్‌టీఆర్, రెండో లైను ఎస్‌టీఆర్, అనుమానం ఉంటే మూడోది కూడా ఎస్‌టీఆర్. ఏ కాలమ్ అంకె, ఏది అక్షరాలు, ఏది ఫ్యాక్టర్ అన్నది అది ఒక్కటే మొహమాటం లేకుండా చెబుతుంది. ఫ్లోరైడ్ ఎదురుగా 'నమ్', అంటే అంకె అని, కనపడకపోతే టీ తాగి రమ్మంటాను, ఆ తర్వాతే ఏదైనా. బీడీఎల్ గడులను ఏం చేయాలన్నది మీకు వదలం. ల్యాబువాళ్లకు ఫోన్ చేసి, వాళ్ల మిషను ఎంత దాకా పట్టగలదో కనుక్కుని పక్కన ఇంకో కాలమ్‌లో రాసుకుంటున్నాం.

కావున తమరు దయచేసి, ఫ్యాక్టర్‌ను అంకెలుగా మార్చమని అడిగిన ప్రతిసారీ ఒక్క లైను వార్నింగ్ మంజూరు చేయవలసిందిగా ప్రార్థన. పాత స్క్రిప్టులు వేలకు వేలు విరిగిపోతాయని తమరి వైపు పెద్దలు అంటారని తెలుసు. ఎర్రర్ అడగడం లేదు, వార్నింగే అడుగుతున్నాం. అదీ కుదరదంటే, మెసేజ్ అయినా చాలు.

ఇట్లు,
తమరి నుంచి ఏదో ఒక సప్పుడు కోసం చూస్తున్న
జిరాక్స్ షాపు మీది గదివాడు,
నల్లగొండ.

జత చేసినవి: నాలుగు ఊళ్ల షీటు ఒకటి. చదివేటప్పుడు దయచేసి ఏ కాలమ్‌నూ ఏమీ చేయవద్దు.