దోచిన శిలను చదవవచ్చా?

ఇయాన్ గ్రాహం చదివింది భౌతికశాస్త్రం. పురావస్తు శాస్త్రంలో పట్టా లేదు. 1950ల చివర మెక్సికో వెళ్లి, ఆ ప్రాంతపు ప్రాచీన నాగరికత అయిన మాయాల శిథిలాల మీద మనసు పడ్డ ఈ ఆంగ్లేయుడు, ఆ తర్వాత దశాబ్దాల పాటు గ్వాటెమాలాలోని పెతేన్ అడవుల్లో తిరిగి శిలాఫలకాలను ఫొటోలు తీశారు, వాటి లిపిని గీత పోకుండా కాగితం మీదికి దించారు. 1968లో మొదలైన మాయా శాసనాల సంపుటాల ప్రణాళిక హార్వర్డ్ పీబాడీ మ్యూజియంలో ఆయన చేతుల మీదుగానే నడిచింది. పెద్ద సిద్ధాంతాల జోలికి పోలేదు. పోకపోవడమే మేలైంది.

ఎందుకంటే అప్పటికే దొంగలు పెతేన్‌ను కొల్లగొడుతున్నారు. టన్నుల బరువున్న నిలువురాయిని మోయలేక, చెక్కడాలున్న ముఖభాగాన్ని మాత్రం రంపాలతో కోసి సరిహద్దు దాటించేవారు. పెతేన్‌లోని మచాకిలా అనే శిథిల నగరంలోని రెండో శిలాఫలకం అలాగే ముక్కలై అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అది అడవిలో నిలబడి ఉన్నప్పుడే గ్రాహం నమోదు చేసి ఉంచడంతో గుట్టు బయటపడింది. గ్వాటెమాలా చట్టం ప్రకారం ఆ రాయి ప్రభుత్వానిది, కాబట్టి అమెరికాలోనూ అది దొంగసొత్తే. వ్యాపారికి పడిన శిక్షను 1974లో అప్పీలు కోర్టు ఖాయం చేసింది. 1971లో పెతేన్‌లోనే లా నాయా శిథిలాల దగ్గర దొంగలు కాల్పులు జరిపినప్పుడు ప్రాణం పోయింది మాత్రం గ్రాహం వెంట వెళ్లిన స్థానిక గైడ్‌కు. శాసనాల సంపుటాలు తిరగేసేవారిలో ఎందరికి ఆ పేరు తెలుసు?

దోచిన శిలల మీది రాతను చదివే లిపి పండితులతో నా పేచీ వేరు. 1960ల్లో ఒకే శైలిలో చెక్కిన ఫలకాలు మ్యూజియంలలో, సంపన్నుల ఇళ్లలో తేలాయి. ఎక్కడివో తెలియక మాయా లిపి పండితుడు పీటర్ మాథ్యూస్ ఆ అజ్ఞాత ఊరికి ‘సైట్ క్యూ’ అని పేరు పెట్టారు. అది పెతేన్‌లోని లా కొరోనా అని 2005లో గానీ రుజువు కాలేదు. ఈలోగా అక్షరాలు చదివారు, రాజవంశాల సంబంధాలు తేల్చారు. చరిత్ర బతికింది కదా అంటారు. బతికింది, నిజమే. అయితే పండితుడు అసలుదేనని చెప్పిన రాయికి బజారులో ధర పెరుగుతుంది, ఆ ధర చూసి మరో రంపం అడవిలోకి వెళుతుంది. చదవవద్దని నేననను. ఎవరెవరి చేతులు మారి వచ్చిందో వ్యాసం మొదట్లోనే రాయాలి. సేకర్తలకూ వ్యాపారులకూ ధ్రువీకరణ ఇవ్వనే కూడదు.

ఇప్పుడు లైడార్ వచ్చింది: విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి, చెట్ల కింద దాగిన నేల రూపాన్ని పట్టే పద్ధతి. 2018లో వెలువడిన సర్వే పెతేన్‌లో 2,100 చదరపు కిలోమీటర్లకు పైగా పరిశీలించి 60 వేలకు పైగా కట్టడాలను పట్టి చూపింది. పరిశోధన సమాచారం అందరిదీ అనే వాదం నాకూ ఇష్టమే. కాపలా లేని దిబ్బల విషయంలో మాత్రం దానికి మినహాయింపు ఉండాలి: దొంగల కంట పడకుండా కచ్చితమైన స్థానాలు గ్వాటెమాలా అధికారుల దగ్గర, అక్కడ పనిచేసే పరిశోధకుల దగ్గర ఉంటే చాలు.